బొమ్మ కింద తేదీ వెయ్యి, తల్లీ

ప్రశ్న: మేడం, మాది పలాస. విశాఖపట్నంలో బి.ఎఫ్.ఏ. పెయింటింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది అందరూ సొంతంగా ఒక వెబ్‌సైట్ పెట్టుకోవాలనీ, బొమ్మలతోపాటు మన ఎదుగుదల తెలిసేలా అప్పుడప్పుడూ రాస్తుండాలనీ క్లాసులో చెప్పారు. నా దగ్గర మూడు వందలకు పైగా బొమ్మలున్నాయి. సగం ఇంట్లో రేకు పెట్టెలో, సగం హాస్టల్లో మంచం కింద. చాలావాటి మీద తేదీలు లేవు. బాగున్నవి పాతిక కూడా ఉండవు, మిగతావి పెడితే నవ్వుతారేమో. ఫోనుతో ఫొటో తీస్తే రంగులు మారిపోతున్నాయి. ఇంగ్లీషులో రాయడం అంతగా రాదు. డబ్బు పెట్టే స్తోమత లేదు. అసలు ఇన్‌స్టాగ్రామ్ చాలదా? ఇంకొక్క మాట. మా అమ్మ జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. నేను ఎక్కువసార్లు వేసింది ఆవిడ చేతులే, అయిదు బొమ్మలున్నాయి. వాటిని వెబ్‌సైట్‌లో పెడతానంటే "నా నల్లటి చేతులు ఊరందరికీ చూపిస్తావా" అంది. ఏం చెయ్యమంటారు?
– ఒక విద్యార్థిని, పలాస

జవాబు:

అమ్మాయీ, నీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు "అయిదు బొమ్మలున్నాయి" అన్న మాట దగ్గర. మూడు వందల బొమ్మల గురించి బెంగపడుతూ, ఆ అయిదింటి సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశావు. నీ వెబ్‌సైట్‌కి పునాది అక్కడే ఉంది. ఒకే వస్తువును ఒకే మనిషి ఏడాదిన్నర, రెండేళ్ల వ్యవధిలో అయిదుసార్లు వేసిందంటే, ఆ అయిదూ వరసగా పెడితే చాలు, చెయ్యి ఎలా మారిందో, కన్ను ఎలా మారిందో ఎవరికైనా తెలుస్తుంది. వంద వేర్వేరు బొమ్మలు చూపించినా అది తెలియదు. అందుకే నీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను గానీ, చివరి ప్రశ్నను చివరికే ఉంచుతాను. దానికి తొందర పనికిరాదు.

ముందు తేదీల సంగతి. ఇది నా సొంత నష్టంతో చెబుతున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మేము అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్లం. గాలికి కిటికీ తలుపు ఊడిపోయి, రాత్రంతా వాన గదిలోకి కొట్టింది. కిటికీ కింద అట్టపెట్టెలో నా పదకొండు స్కెచ్‌బుక్కులున్నాయి. మర్నాడు తీసి చూస్తే అవన్నీ కలిసి ఒకటే ముద్ద. ఇంకు కరిగి నీలం నీళ్లు కారుతున్నాయి. ఒక్కటి మాత్రం అల్మారాలో ఉండి బతికింది. అందులో ఫిషింగ్ హార్బర్‌లో వేసిన పడవలు, వలలు సర్దే మనుషులు ఉన్నారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కానీ ఒక్క పేజీ మీద కూడా తేదీ లేదు. అవి నేను నేర్చుకుంటున్న రోజుల్లో వేసినవా, పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక వేసినవా, నాకే తెలియదు. నా చేతి గీతను నేనే గుర్తుపట్టలేక కూర్చున్న ఆ రోజు, పోయిన పదకొండు పుస్తకాలకన్నా మిగిలిన ఆ ఒక్కటే నన్ను ఎక్కువ ఏడిపించింది. అందుకే నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ పెన్సిల్ చెక్కడం కంటే ముందు తేదీ వెయ్యడం నేర్పుతున్నాను.

ఈ బాధ నా ఒక్కదానిదే కాదులే. చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో తన తమ్ముడు థియోకి రాసిన ఉత్తరాలు 600కు పైగా మిగిలాయి. వాటిలో చాలావాటి మీద ఆయన తేదీ వెయ్యలేదు. అన్నదమ్ములిద్దరూ పోయాక థియో భార్య యోహానా ఏళ్ల తరబడి ఆ ఉత్తరాలను వరసలో పేర్చి, 1914లో అచ్చు వేయించింది. ఆవిడ అంత ఓపిక పట్టింది కనుకే, ఏ బొమ్మ ముందు ఏ ఆలోచన సాగిందో ఇవాళ మనకు తెలుస్తోంది. మనకు అలాంటి యోహానా దొరుకుతుందని నమ్ముకోలేం కదా.

తేదీ లేని బొమ్మలను ఇప్పుడేం చెయ్యాలి? ఒక ఆదివారం నేల మీద పరుచుకుని కూర్చో. కొన్నిటికి ఫోనులో ఫొటో తీసే ఉంటావు. ఆ ఫొటో వివరాల్లో తేదీ ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫొటో అయితే మాత్రం అది నీకు అందిన తేదీ అయ్యుండవచ్చు, చూసుకో. కొన్నిటిని కాగితాన్ని బట్టి పట్టుకోవచ్చు. మొదటి సెమిస్టర్‌లో కొన్న కార్ట్రిడ్జ్ షీట్ వేరు, తర్వాత కొన్నది వేరు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు వేసినవా, పరీక్షల ముందు వేసినవా అన్నది బొమ్మలో ఉన్న వస్తువులే చెబుతాయి. ఎంతకీ తేలనివాటి మీద "సుమారు 2023 చివర" అని నిజాయితీగా రాయి. ఊహించిన తేదీని ఖాయమైన తేదీలా రాయొద్దు. బొమ్మ వెనక, మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా రాయి. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీత లేస్తుంది.

ప్రతి బొమ్మకూ ఒక అంకె కూడా ఇవ్వు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన పాల్ క్లే 1911లో, ముప్ఫై ఒకటో ఏట, తన బొమ్మలన్నిటికీ చేత్తో ఒక పట్టీ రాయడం మొదలుపెట్టాడు. సంవత్సరం, ఆ ఏడాదిలో ఎన్నో బొమ్మ, పేరు, దేనితో వేశాడు. అప్పటిదాకా వేసినవాటిని కూడా వెనక్కి వెళ్లి చేర్చాడు. వాటిలో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు వేసిన బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1940లో పోయేదాకా ఆ పట్టీ సాగింది. పది రూపాయల నోటుపుస్తకంలో నువ్వూ ఈ రోజే మొదలుపెట్టవచ్చు. కంప్యూటర్ అక్కర్లేదు. వెబ్‌సైట్ సగం పని ఈ పుస్తకమే చేసిపెడుతుంది.

ఇక ఫొటోలు. దీని మీద కాస్త ఎక్కువసేపు చెబుతాను. పిల్లలు మంచి బొమ్మలు వేసి, చెడ్డ ఫొటోలతో పాడుచేసుకోవడం చూసి చూసి విసిగిపోయాను. నీ రంగులు మారిపోవడానికి కారణం ముప్పాతిక వంతు వెలుతురు. రాత్రి హాస్టల్ ట్యూబ్‌లైట్ కింద తీస్తే కాగితం ఆకుపచ్చగా, పాత బల్బు కింద తీస్తే పసుపుగా వస్తుంది. గోడకు ఆకుపచ్చ రంగో నీలం రంగో ఉంటే దాని మీద పడి వచ్చే వెలుతురు కూడా కాగితానికి అంటుకుంటుంది. నువ్వు ఎర్ర చున్నీ వేసుకుని దగ్గరగా నిలబడినా, మెరుపున్న ఆయిల్ పెయింటింగ్ మీద ఆ ఎరుపు కనిపిస్తుంది. కనుక పొద్దున తొమ్మిది, పది మధ్య అరుగు మీదకో వరండాలోకో వెళ్లు. ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం ధారాళంగా ఉండాలి. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది. బొమ్మను డ్రాయింగ్ బోర్డుకు పిన్ను చేసి గోడకు నిటారుగా నిలబెట్టు. ఫోను కూడా అంతే నిటారుగా, సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా ఉండాలి. ఫోను కొంచెం వంగినా కాగితం ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా వస్తుంది. కెమెరాలో గడుల గీతలు కనబడేలా పెట్టుకుంటే అంచులు సరిచూసుకోవచ్చు. దగ్గరికి వెళ్లి తియ్యకు. నాలుగు అడుగులు వెనక్కి వేసి, రెండింతల జూమ్ పెట్టి తియ్యి. దగ్గరగా తీస్తే అంచులు బయటికి ఉబ్బుతాయి. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు అసలే వద్దు.

ఒక తెల్ల కాగితం ముక్కను బొమ్మ పక్కన పెట్టి ఒక ఫొటో తీసి ఉంచు. తర్వాత ఫోనులోనే రంగులు సరిచేసేటప్పుడు ఆ ముక్క తెల్లగా వచ్చేదాకా సర్దితే, బొమ్మ రంగు దానంతట అదే దారిలోకి వస్తుంది. ప్రతి బొమ్మకూ రెండు ఫొటోలు కావాలి. ఒకటి కాగితం నాలుగు అంచులూ కనబడేది, రెండోది అంచులు కత్తిరించినది. స్కెచ్‌బుక్ అయితే తెరిచిన రెండు పేజీలూ కలిపి తియ్యి. పక్కనున్న ఫోన్ నంబరూ బస్సు టిక్కెట్టు మరకా బొమ్మతోపాటు ఉండనీ. నంబర్ మాత్రం వెబ్‌సైట్‌లో పెట్టేముందు చెరిపెయ్యి. చార్‌కోల్ బొమ్మకు ఫిక్సేటివ్ (బొగ్గు రాలిపోకుండా పట్టి ఉంచే ద్రవం) కొట్టకముందే ఫొటో తియ్యి, కొట్టాక నలుపు ఇంకాస్త దిగుతుంది. చార్‌కోల్, పేస్టెల్ బొమ్మలను స్కానర్ మీద బోర్లించవద్దు, బొమ్మా చెడుతుంది, అద్దమూ చెడుతుంది. పెన్సిల్, ఇంకు బొమ్మలు చిన్నవైతే జిరాక్స్ షాపులో 300 డిపిఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలు వచ్చేలా, స్కాన్ చేయించు. ఎ4 కాగితం అయితే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల పొడవు వస్తుంది. ఆ ఫైలును వాట్సాప్‌లో మామూలు ఫొటోలా తెచ్చుకోవద్దు, నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమను, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లు.

ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టు, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ తర్వాత బొమ్మ పేరు. 2024-07-14 అని మొదలైతే ఏ కంప్యూటర్‌లో పెట్టినా కాలక్రమంలో వాటంతట అవే వరస కడతాయి. పెద్ద ఫైళ్లు నీ దగ్గర దాచుకో. వెబ్‌సైట్‌లోకి పొడుగువైపు 1600 పిక్సెళ్లకు తగ్గించి పెట్టు. తెరమీద చూడటానికి అది చాలు. దాన్ని ఎవరైనా ఎత్తుకెళ్లి మంచి అచ్చు తీద్దామనుకున్నా 300 డిపిఐలో పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్లకు మించి రాదు. బొమ్మ నడిమధ్యన అడ్డంగా పేరు ముద్ర కొట్టేవాళ్లున్నారు, అది నాకు నచ్చదు. మీ శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారు బొమ్మ మూల "వపా" అని రెండక్షరాలు పెట్టేవారు. ఆ రెండక్షరాలే తెలుగుదేశమంతా గుర్తుపట్టింది. నీకూ ఒక మూల సంతకం చాలు.

ఇప్పుడు రాత సంగతి. నువ్వు భయపడుతున్నది దీనికే అని నాకు అర్థమైంది. బొమ్మ గురించి రాయమంటే పిల్లలు పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటారు. "అంతరంగ ఆవిష్కరణ", "అస్తిత్వ వేదన" అంటూ రాసి, చివరికి ఏ బొమ్మ కిందైనా సరిపోయే వాక్యాలు తయారుచేస్తారు. నువ్వు అలా రాయకు. బొమ్మ వేసిన రాత్రే, రంగు ఆరకముందే, నీకు నువ్వు చెప్పుకున్నట్టు రాసుకో. ఏం చూశావు, ఏం చెయ్యబోయావు, చెయ్యి ఎక్కడ ఆగిపోయింది. ఉదాహరణకు నీ ఉత్తరం చదివి నేను ఊహించుకున్నది చెబుతాను, తప్పయితే దిద్దుకో.

"జులై 14. అమ్మ కుడి చెయ్యి. చార్‌కోల్. బొటనవేలి పక్కన ఉన్న నలుపులో ఎంత నీడో, ఎంత జీడి మరకో అర్థం కాలేదు. రెండిటికీ ఒకే బలంతో బొగ్గు రుద్దాను. చేతికి తొడుగు వేసుకున్నట్టు వచ్చింది. రేపు అమ్మను దీపం అటువైపు తిప్పి కూర్చోమని అడగాలి. నీడ జరుగుతుంది, మరక జరగదు."

చూశావా, ఇందులో ఒక్క కష్టమైన మాట లేదు. కానీ చిత్రకళలో ఏళ్ల తరబడి తేలని సమస్య ఒకటి ఇందులో ఉంది. వస్తువు సొంత రంగు ఏది, దాని మీద వెలుతురు వేసిన రంగు ఏది అన్నది. రెండో బొమ్మలో నువ్వు దీపం తిప్పి వేస్తే, మూడో బొమ్మలో నీడకు చార్‌కోల్, మరకకు ఇంకు వాడి చూస్తే, ఆ మూడు బొమ్మలూ ఆ మూడు నాలుగు వాక్యాలూ కలిపి చదివిన ఏ గురువైనా ఈ పిల్ల ఆలోచిస్తోందని తెలుసుకుంటాడు. రేపు నువ్వు ఎం.ఎఫ్.ఏ.కి హైదరాబాద్‌కో, బరోడాకో, శాంతినికేతన్‌కో దరఖాస్తు పెట్టుకుంటే, బొమ్మలు చూసేవాళ్లు "ఇది ఎందుకిలా చేశావు" అని అడుగుతారు. దానికి జవాబు ఆ రోజు కూర్చుని వెతుక్కుంటే దొరకదు, ముందే రాసిపెట్టుకున్నవాళ్లకు నోట్లోనే ఉంటుంది.

మాస్టారు బొమ్మ చూసి ఏమన్నారో కూడా రాయి, నీ మాట రాశాక. ముందు నీ కన్ను ఏం పట్టుకుందో రాసి, తర్వాత ఆయన కన్ను ఏం పట్టుకుందో రాస్తే, ఆ రెండిటి మధ్య దూరం నెలనెలా తగ్గుతూ రావడం నీకే కనిపిస్తుంది. ఒక్కోసారి ఆయన మాటతో నీకు సమ్మతి కుదరదు. అదీ రాయి, మర్యాదగా, పేరు లేకుండా. రోజూ రాయనక్కర్లేదు. పదిహేను రోజులకు ఒకసారి రాసినా చదువు పూర్తయ్యేసరికి యాభైకి పైగా పేజీలు అవుతాయి.

తెలుగులో రాయి. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. నువ్వు ఆలోచించే భాషలో రాసినప్పుడే మరకకూ నీడకూ తేడా చెప్పగలవు. పిక్క, పొట్టు, బూడిద, బుట్ట – మీ ఊరి పనిమాటలు ఉన్నవున్నట్టు రానీ. బయటివాళ్ల కోసం ప్రతి బొమ్మ కింద ఒక్క వరస ఇంగ్లీషులో పెట్టు, అందులో పేరు, దేని మీద దేనితో వేశావు, కొలత, సంవత్సరం ఉంటే చాలు. కొలత రాసేటప్పుడు ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. సగం ఇంపీరియల్ షీట్ నిలువుగా వాడితే 56 × 38 సెం.మీ. అని. తెలుగును ఫోనులో యూనికోడ్ కీబోర్డుతోనే కొట్టు. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి తెచ్చి అతికిస్తే వెబ్‌సైట్‌లో అర్థంకాని గుర్తులు వస్తాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి చక్కని తెలుగు ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. శీర్షికకు ఒకటి, రాతకు ఒకటి చాలు. ఇంకో చిన్న పని. బొమ్మను ఎక్కించేటప్పుడు దాని వర్ణన రాయడానికి ఒక గడి ఉంటుంది. చూపు లేనివాళ్లకు ఫోను ఆ వాక్యాన్నే చదివి వినిపిస్తుంది. దాన్ని ఖాళీగా వదలకు. చూడలేని మనిషికి నీ బొమ్మను రెండు వాక్యాల్లో చెప్పడం ఎంత గొప్ప సాధనో నాలుగుసార్లు చేస్తే తెలుస్తుంది.

ఏ బొమ్మలు పెట్టాలి? మొదటి పేజీలో పన్నెండు, పదిహేనుకు మించి వద్దు. నీకు బాగా నచ్చినవి, ఈ ఏడాదివి ఎక్కువగా. రెండో చోట నీ పనిగది. అక్కడ కాలక్రమంలో స్కెచ్‌లు, తప్పిపోయినవి, మళ్లీ మొదలుపెట్టినవి అన్నీ ఉండవచ్చు, ఒకే షరతు మీద. ప్రతి తప్పిపోయిన బొమ్మ కింద అది ఎందుకు తప్పిందో నీ మాట ఉండాలి. ఆ మాట రాయలేని బొమ్మ పెట్టెలోనే ఉండనీ. నవ్వేవాళ్ల గురించి అడిగావు. తన తప్పును తానే వేలు పెట్టి చూపించిన మనిషిని చూసి నవ్వడం ఎవరికైనా కష్టం. నా దగ్గర చదివిన పిల్లల్లో, రివ్యూలో ముందుగా తప్పు చెప్పుకున్నవాళ్లు ఆ తర్వాత తలెత్తుకుని మాట్లాడటమే నేను చూశాను.

రాజమహేంద్రవరం ఎప్పుడైనా వెళ్లావా? విశాఖ నుంచి రైల్లో మూడు, నాలుగు గంటలు. అక్కడ దామెర్ల రామారావు గారి పేరున చిత్రకళా గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి, బొంబాయి జె.జె. చిత్రకళా స్కూల్లో చదివి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. పూర్తయిన పెయింటింగ్‌లతోపాటు ఆయన గీసుకున్న స్కెచ్‌లు కూడా అక్కడ దాచారు. ఒకసారి వెళ్లి ముందు స్కెచ్‌ల దగ్గర నిలబడు, తర్వాత పెయింటింగ్‌ల దగ్గరికి రా. ఆ చిన్న కాగితాలు ఎవరో చిత్తు అని పారేసి ఉంటే మనం ఎంత పోగొట్టుకునేవాళ్లమో అక్కడ తెలుస్తుంది.

ఎదుగుదల తెలియాలంటే ఇంకొక అలవాటు చేసుకో. ఆరు నెలలకొకసారి అదే ముక్కాలి పీట, అదే చెంబు, అదే కిటికీ పక్కన, అదే కొలత కాగితం మీద వెయ్యి. పాతది చూడకుండా వెయ్యి. వేశాక పక్కపక్కన పెట్టు. నెలకూ నెలకూ మధ్య మార్పు కనబడక నిరాశపడే రోజులు వస్తాయి, అప్పుడు ఈ చెంబు నీకు సాక్ష్యం చెబుతుంది.

ఎక్కడ పెట్టాలన్నది తేలిక, దీని మీద పిల్లలు అనవసరంగా నెలలు ఖర్చుపెడతారు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్, గూగుల్ సైట్స్ – మూడిట్లోనూ ఉచితంగా మొదలుపెట్టవచ్చు. వర్డ్‌ప్రెస్ ఉచిత పద్ధతిలో ప్రకటనలు కనిపిస్తాయి, చిరునామాలో వాళ్ల పేరు ఉంటుంది. ఫరవాలేదు. సొంత చిరునామా కొనడం మూడో సంవత్సరంలో చూసుకో. అప్పుడు కూడా మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకు, రెండో ఏడాది ఎంత కట్టాలో చూసి కొను. అలంకారాలు వద్దు. తెల్లని పేజీ, నల్లని అక్షరాలు. వెనక రంగుంటే నీ బొమ్మ రంగు మారి కనిపిస్తుంది. ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో వెబ్‌సైట్ మొదలుపెట్టవద్దు. చదువు అయిపోయాక ఆ మెయిల్ మూసేస్తే వెబ్‌సైట్ తాళం పోయినట్టే. సొంత మెయిల్‌తో మొదలుపెట్టి, పాస్‌వర్డ్ నోటుపుస్తకంలో రాసి ఇంట్లో ఉంచు. రెండేళ్లు అసలు వాడకుండా వదిలేసిన ఖాతాలను గూగుల్ తీసెయ్యవచ్చు, కనుక అప్పుడప్పుడూ తెరుస్తూ ఉండు. ఆరు నెలలకొకసారి వెబ్‌సైట్ మొత్తాన్ని ఫైలుగా దించుకునే వీలుంటుంది, దించుకో. పెద్ద ఫొటోలు రెండు చోట్ల ఉండాలి, ఒకటి హాస్టల్లో, ఇంకొకటి పలాసలో. గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీ చోటులో మెయిల్ కూడా కలిసే ఉంటుంది, అదొక్కటే నమ్ముకోకు.

ఇన్‌స్టాగ్రామ్ చాలదా అన్నావు. సంతలో అంగడి పెట్టుకో, తప్పులేదు. సామాను మాత్రం ఇంట్లో ఉండాలి. అక్కడ ఏ బొమ్మ ఎవరికి కనబడాలో నువ్వు నిర్ణయించవు. నిరుడు వేసిన చెయ్యీ నిన్న వేసిన చెయ్యీ పక్కపక్కన పెట్టి చూపించాలంటే అది అందుకు కట్టిన చోటు కాదు. అక్కడ ఒక బొమ్మ పెట్టి, మిగతాది చదవమని వెబ్‌సైట్ దారి చూపించు.

స్కూలు రోజుల్లో హీరోల ఫొటోలు చూసి వేసినవి నీ పెట్టెలోనూ ఉండే ఉంటాయి, అందరం వేశాం. ఒకటి పెడితే "ఫొటో చూసి వేసినది" అని రాయి. ఆ ఫొటో మీద తీసినవాళ్లకు హక్కుంటుంది, అమ్మకానికి అసలు పెట్టకూడదు. మీ వైపు పిల్లలు సవర గిరిజనుల గోడ చిత్రాల పద్ధతిని అనుకరిస్తుంటారు. నువ్వూ వేసి ఉంటే సవరల పేరు చెప్పు, ఎక్కడ చూశావో చెప్పు. అవి వాళ్ల పూజతో ముడిపడిన బొమ్మలు. నీ సొంత బొమ్మల మీద హక్కు నీదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వేసిన క్షణం నుంచే నీ హక్కు మొదలవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, నీ జీవితకాలమూ ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. లైఫ్ స్టడీలో, అంటే మనిషిని ఎదురుగా చూస్తూ బొమ్మ వేసే క్లాసులో, కూర్చున్నవాళ్ల బొమ్మలు వాళ్లను అడగకుండా పెట్టకు. ఇంటి చిరునామా, ఫోన్ నంబర్ పెట్టకు. ఫోను కెమెరాలో లొకేషన్ ఆపెయ్యి, లేకపోతే ఫొటోతోపాటు ఇంటి జాడ కూడా వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఇక అమ్మ.

జీడి పిక్క పొట్టులో ఉండే రసం చర్మాన్ని కాలుస్తుంది, నల్లబరుస్తుంది. పలాస, కాశీబుగ్గల్లో ఆ పని చేసిన ఆడవాళ్ల చేతులు నేను చూశాను. పెళ్లికి వెళ్లినప్పుడు పమిట కొంగులో చేతులు దాచుకుని కూర్చునేవాళ్లను చూశాను. మీ అమ్మ "నా నల్లటి చేతులు" అన్నప్పుడు ఆవిడకు నీ బొమ్మ కనబడలేదు, ఆ పెళ్లి పందిరి కనబడింది. నువ్వు ఆ చేతుల్లో అందం చూశావు. ఆవిడ వాటితో బతికింది. ఈ రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోదాన్ని కొట్టెయ్యకు. "కళ అమ్మా, నీకు తెలియదు" అని మాత్రం ఎప్పుడూ అనొద్దు.

వాన్‌గో సంగతి ఇందాక చెప్పాను. 1884-85 చలికాలమంతా నూనెన్ అనే ఊళ్లో రైతుల మొహాలు, చేతులు పదేపదే గీశాడు. ఆ సాధన మీద 1885లో, దీపం కింద ఒక కుటుంబం ఆలుగడ్డలు తింటున్న పెద్ద బొమ్మ వేశాడు. తమ్ముడికి రాస్తూ, ఆ పళ్లెంలో పెడుతున్న చేతులతోనే వాళ్లు ఆ నేలను తవ్వారని తెలియాలన్నదే తన ప్రయత్నమని చెప్పాడు. ఈ కథ అమ్మకు చెప్పు. వాదించడానికి కాదు, ఊరికే, అన్నం తినేటప్పుడు.

తర్వాత ఆ అయిదు బొమ్మలూ తేదీల వరసలో నేల మీద పరిచి చూపించు. నువ్వేమీ వివరించకు. ఆవిడే మాట్లాడుతుంది. ఈ వేలు ఇలా వంకర పోయింది ఫలానా ఏడు అనో, ఇది నా చెయ్యి కాదు, నువ్వు సరిగా వెయ్యలేదు అనో ఏదో అంటుంది. ఆ మాటలు నీ పుస్తకంలో ఉన్నవున్నట్టు రాసుకో. ఆ తర్వాతే మళ్లీ అడుగు, ఒకేసారి. సరే అంటే, పేరు పెట్టాలా వద్దా, ఊరు చెప్పాలా వద్దా, ఏ బొమ్మ ఉండాలి ఏది వద్దు అన్నవి ఆవిడ చెప్పినట్టే చెయ్యి. బొమ్మ కింద నీ వాక్యం బదులు ఆవిడ అన్న మాట పెట్టు.

వద్దంటే పెట్టకు. క్లాసులో చూపించాలంటే కూడా అడిగే చూపించు. బ్లాగర్‌లో గానీ వర్డ్‌ప్రెస్‌లో గానీ ప్రచురించకుండా చిత్తుప్రతిగా దాచుకునే వీలుంది. ఆ పేజీ అక్కడ తయారుచేసి, తేదీలతో, కొలతలతో, నీ రాతతో సిద్ధంగా ఉంచు. ఆరో బొమ్మ వెయ్యి. ఈసారి ఆవిడ పని చేస్తున్నప్పుడు కాకుండా, నీకు జడ వేస్తున్నప్పుడు అద్దంలో చూసి వెయ్యి.